పెట్టె నిండేదాకా

ఈ పని పద్నాలుగేళ్ళు చేశాను. మన దేశంలో దొరకని కంప్యూటరు సామాన్లను, అంటే కీబోర్డులు, బొమ్మలు గీసే పలకలు, మానిటరు స్టాండ్లు లాంటివాటిని, కోయంబత్తూరు, మదురైలలో ఉన్న మన తెలుగు కుటుంబాలకు తక్కువ ఖర్చుతో తెప్పించి పెట్టేవాణ్ణి. గిరాకీల్లో ఇద్దరు ముగ్గురు తమిళులు. తక్కినవాళ్ళంతా బంధువులు, లేదా బంధువుల బంధువులు. రెండేళ్ళ కిందట ఆపేశాను. ఇప్పుడు ఇదే పనిలోకి దిగుతున్న కొందరు నన్ను లెక్క అడుగుతున్నారు. నేను చదివింది తమిళంలో, అదీ పదో తరగతి దాకా. లెక్కలు లారీ ఆఫీసులో సొంతంగా నేర్చుకున్నాను, తెలుగు అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను. అయినా రాస్తున్నాను.

లెక్క చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. తక్కినదంతా ఒక్క కీబోర్డు గురించి. మా వదిన కూతురు జయంతి ఉద్యోగం దాని మీద ఆధారపడి ఉండింది. ఆ కీబోర్డు తెప్పించడంలో నేను జయంతికి రెండు వేల నూట నలభై రూపాయలు మిగిల్చాను. ఉద్యోగం పోయింది.

గాలికి కిరాయి

పని ఇది. అమెరికాలో ఒక ఫార్వార్డింగ్ కంపెనీ మనకు తన గోడౌనులో ఒక చిరునామా ఇస్తుంది. మనం అక్కడి కొట్లలో కొన్న వస్తువులు ఆ చిరునామాకు చేరతాయి. నాలుగైదు వస్తువులు చేరాక వాళ్ళు అన్నిటినీ ఒకే పెట్టెలో సర్ది విమానంలో మనకు పంపుతారు. కొట్టువాడు తిన్నగా ఇండియాకు పంపితే అయ్యే ఖర్చులో సగానికో మూడో వంతుకో పని అవుతుంది. అసలు ఇండియాకు పంపనే పంపమనే కొట్లు కూడా ఉన్నాయి.

మొదటిసారి నేను తెప్పించింది చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను. బరువు నాలుగు వందల గ్రాములు. అర కిలోకు కిరాయి వేసుకుని గిరాకీకి రేటు చెప్పాను. బిల్లు రెండు కిలోలకు వచ్చింది. ఫోను చేసి గొడవ పడ్డాను. వాళ్ళు మర్యాదగానే చెప్పారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి ఐదు వేలతో భాగించాలట. ముప్పై, ఇరవై ఐదు, పన్నెండు గుణిస్తే తొమ్మిది వేలు. ఐదు వేలతో భాగిస్తే ఒకటి పాయింటు ఎనిమిది, అంటే కిలో ఎనిమిది వందల గ్రాములు. పై అర కిలోకు సర్దితే రెండు. అసలు బరువు, ఈ బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి కిరాయి. అట్ట డబ్బాలోని గాలికి నేను చేతి డబ్బు కట్టాను. ఆ రోజు నుంచి టేపు లేకుండా రేటు చెప్పలేదు.

ఇంకొన్ని సంగతులు ఒకేసారి చెప్పేస్తాను. మొదటి అర కిలోకు రేటు ఎక్కువ, ఆ తర్వాతి ప్రతి అర కిలోకూ తక్కువ. పెట్టెలు కలిపితే మిగిలేది ఇందుకే. దిగుమతి పన్ను సరుకు ధర మీద మాత్రమే పడదు, రవాణా ఖర్చు కూడా కలిపిన మొత్తం మీద పడుతుంది. కాబట్టి కిరాయి తగ్గితే పన్నూ తగ్గుతుంది. బ్యాంకువాడు డాలర్లు మార్చేటప్పుడు పట్టుకునేది అందరూ మరిచిపోతారు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో అమ్మకం పన్ను లేదు, గోడౌను అక్కడ ఉన్న కంపెనీనే చూసుకోండి. చవక వస్తువులకు ఈ దారి పనికిరాదు, ఇక్కడ కోయంబత్తూరు గాంధీపురంలో దొరికేదే కొనమనండి. ధర తక్కువగా రాయమనో, కానుక అని రాయమనో ఎవరు బతిమాలినా ఒప్పుకోకండి. ఇతరులకు తెప్పించి ఇచ్చేటప్పుడు ప్రభుత్వం ఇచ్చే దిగుమతి కోడు నంబరు తీసుకోవాలి. మొదటి రెండేళ్ళు నేను తీసుకోలేదు. అది తప్పే.

జాగా తగ్గుతుందని కంపెనీ డబ్బాలన్నీ విప్పి పారేయమని గోడౌనువాళ్ళకు చెప్పే అలవాటు కూడా నాకు ఉండేది. ఒకసారి ల్యాప్‌టాపుకు తగిలించే ఒక డాకింగు పెట్టె వచ్చిన మూడో వారం చెడిపోయింది. గ్యారంటీకి కావలసిన నంబరు డబ్బా మీద ఉందట. డబ్బా అమెరికాలో చెత్తలోకి పోయింది. కిరాయిలో మూడు వందలు మిగిల్చి వస్తువు మొత్తం ఖరీదు పోగొట్టాను.

రంగసామి నాయుడు గారి లారీ ఆఫీసు

పెట్టె నిండాక పంపడం నాకు కంప్యూటర్లు నేర్పింది కాదు. పంతొమ్మిదేళ్ళ వయసులో గాంధీపురంలో రంగసామి నాయుడు గారి లారీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. నూలు, మోటార్లు, గ్రైండర్లు మదురైకి, తిరునెల్వేలికి పంపేవాళ్ళం. ఆయన బల్ల మీద సుద్దముక్కతో గీత గీసి లెక్క చెప్పేవారు.

"లోడు నిండనీ సామీ," అనేవారు. "సగం బండి తోలితే డీజిల్‌కి ఎవుడిస్తాడు, మీ తాతా?"

నేను ఆ ఒక్క మాటను శాసనంలా పట్టుకున్నాను. ఏ లారీలో ఎన్ని అడుగుల జాగా ఖాళీగా పోయింది, దానివల్ల నెలకు ఎంత నష్టం అని కాగితం వేసి చూపించేవాణ్ణి. ఆయనకు ముచ్చటగా ఉండేది.

ఒక రోజు మధ్యాహ్నం ఆయనే సగం లోడుతో మదురై బండి తోలించారు. నాకు మండింది. లోడులో ఏముందో చూస్తే అంతా మామూలు సరుకే, ఒక్క ప్రెస్సువాళ్ళ కట్ట తప్ప.

"రేపటికి బండి నిండిపోతాది గదా నాయుడుగారూ! ఇప్పుడు తోలితే నష్టం."

"ఆ కట్టలో ఏముండాది?"

"పెండ్లి పత్తిరికలు."

"పెండ్లి అయినంక పత్తిరిక పోతే దాంతో ఏం చేస్తార్రా, వడలు చుట్టుకుంటారా?"

గోడౌనులో అందరూ నవ్వారు. నేను వదలలేదు. "వాళ్ళు తొందరని చెప్పలేదే?"

"చెప్పరు. మనోళ్ళు అసలు చెప్పరు. తొందరా అని అడిగితే లేదంటారు. ఏ పొద్దు విప్పుతావు అని అడగాల. ఎందుకు విప్పుతావు అని అడగాల. అప్పుడు దా నిజం వస్తాది."

నవ్వులు ఆగలేదు కాబట్టి నేను ఆ మాట సరిగ్గా వినలేదు. లోడు నిండాలన్నది మాత్రం నాతో వచ్చింది. నా సొంత పని మొదలుపెట్టినప్పుడు నోటు పుస్తకంలో గడులు గీశాను. పేరు, వస్తువు, కొలతలు, ఖరీదు. చివరి గడిలో తొందర ఉందా లేదా. ఆ గడి పెట్టినందుకు నా తెలివికి నేనే సంతోషించాను.

జయంతి

జయంతి మదురైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, రోగులు ఇంటికి వెళ్ళేటప్పుడు ఇచ్చే కాగితాలు టైపు చేసేది. ముప్పై ఒకటో ఏడు. పెళ్ళి వద్దనుకుంది. తండ్రి లేడు. మా వదిన, తను ఆ జీతం మీదే బతికేవాళ్ళు. స్కూటరు మీద నుంచి పడి కుడి భుజంలో నరాలు తెగాయి. ఆపరేషను చేశారు. చెయ్యి ఉంది, వేళ్ళు కదలవు.

ఆసుపత్రివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఒంటి చేత్తోనైనా మునుపటిలా పని చేయగలిగితే రమ్మన్నారు. తమిళ లెక్కలో ఆడి నెల ముగిసేదాకా, అంటే ఆగస్టు నడిమి దాకా, సీటు ఎవరికీ ఇవ్వబోమన్నారు. ఎడమ చేత్తో మాత్రమే వాడడానికి చేసిన కీబోర్డు ఒకటి అమెరికాలో ఒక చిన్న కంపెనీ అమ్ముతోందని జయంతే వెతికి పట్టుకుంది. ఆడికి ముందు వచ్చే ఆని నెల మొదట్లో, జూన్ నడుమ, నాకు ఫోను చేసింది. కీబోర్డు సంగతి చెప్పింది, మళ్ళీ పనిలో చేరాలని చెప్పింది. ఆడి నెల గడువు మాత్రం చెప్పలేదు.

నేను వస్తువు కొలతలు, బరువు అడిగాను. చిన్నాయనను కాబట్టి కమిషను తీసుకోనని చెప్పాను. చివరి గడి దగ్గరకు వచ్చాను.

"తొందర ఉండాదా అమ్మణీ?"

"అయ్యయ్యో, తొందరేం లే చిన్నాయనా. మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు తెప్పీండి. మీ పనుల నడమ నాదొకటి."

"కలిపి తెప్పిస్తే నీకు చానా మిగులుతాది."

"మీరు చూసి చేస్తే సరి."

గడిలో 'లేదు' అని రాశాను. చేతిరాత బాగానే ఉంది. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఇరవై ఏడు రోజులు

కీబోర్డు తొమ్మిది రోజుల్లో అమెరికా గోడౌనుకు చేరింది. ఆ రోజే విడిగా పంపమని చెప్పి ఉంటే ఆని నెల దాటకముందే మదురైలో ఉండేది. నేను చెప్పలేదు. గోడౌనులో ముప్పై రోజులు ఉచితంగా పెట్టుకోవచ్చు. అప్పటికి ఆ పెట్టెలో రావలసినవి ఇంకో నాలుగు ఉన్నాయి. మూడు వచ్చాయి. నాలుగోది ఆర్.ఎస్. పురంలో ఫోటో స్టూడియో నడిపే సెల్వరాజ్‌ది, మానిటరు మీద రంగులు సరిచూసే పరికరం. అమ్మినవాడు ఆలస్యం చేశాడు.

సెల్వరాజ్ నాకు పూర్తి కమిషను ఇచ్చే మనిషి. అందుకని రోజుకు రెండుసార్లు ఫోను చేసి, నన్నూ కులం పేరుతో నాయుడూ అని పిలుస్తూ, తమిళంలో దులిపేసేవాడు. "నాయుడూ, నా సామాను విమానంలో వస్తోందా, ఈదుకుంటూ వస్తోందా? ఈదుతోంటే చెప్పు, తువ్వాలు పంపిస్తాను!"

అరిచే సెల్వరాజ్ వస్తువు కోసం, అరవని జయంతి వస్తువు ఇరవై ఏడు రోజులు గోడౌను బల్ల మీద కూర్చుంది. ఉచిత గడువు ఇంకా మూడు రోజులు ఉండగా నాలుగోది చేరింది. ఒక్క రూపాయి అద్దె కట్టకుండా పెట్టె నింపానని ఆ రోజు నాకు ఎంత తృప్తిగా ఉండిందో రాయడానికి సిగ్గుగా ఉంది.

తొమ్మిది రోజుల్లో పెట్టె బొంబాయిలో దిగింది. అక్కడ ఆగింది. సెల్వరాజ్ ఆ పరికరాన్ని ఏదో కూపనుతో సగం ధరకు కొన్నాడు. బిల్లు మీద ధర చూసి కస్టమ్స్‌వాళ్ళకు అనుమానం వచ్చింది. డబ్బు కట్టినట్టు బ్యాంకు కాగితం అడిగారు. ఆడి నెలలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి సెల్వరాజ్ స్టూడియో మూసి సొంత ఊరికి పోయాడు. రోజుకు రెండుసార్లు ఫోను చేసిన మనిషి, ఇప్పుడు నేను చేస్తే ఎత్తలేదు. ఐదు వస్తువుల్లో ఒక్కదాని మీద అనుమానం వస్తే పెట్టె మొత్తం ఆగుతుంది. కిరాయిని ఐదుగురికి పంచిన నేను, చిక్కును కూడా ఐదుగురికి పంచుతున్నానని ఎప్పుడూ లెక్క వేయలేదు.

ఆడి ఇరవై నాలుగున మధ్యాహ్నం అన్నం తింటున్నాను. నా భార్య వసంత వాళ్ళ అక్కతో, అంటే జయంతి తల్లితో, ఫోనులో మాట్లాడి వచ్చింది.

"జయంతి కీబోర్డు ఏడ ఉండాది?"

"బొంబాయిలో, కస్టమ్స్‌లో. వచ్చేస్తాది. దానికి తొందర లేదు గదా."

"ఎవురు చెప్పినారు?"

"జయంతే. రాసుకున్నా."

"అది చెప్తే మీరు రాసుకున్నారా?" వసంత చేతిలోని మజ్జిగ గిన్నె కింద పెట్టింది. "మన ఇండ్లల్లో సాయం అడిగినోళ్ళు ఎవురన్నా గబగబా తే అంటారా? మన పెండ్లికి తాళి చేసిన కంసాలి ఆసారినే మా నాయన తొందర పెట్టలే, ముందురోజు పొద్దు గూకేదాకా వాకిట్లో ఊరకే నిలబడినాడు. ఆడి దాటితే దాని సీటు ఇంకొకరికంట. అక్క ఇప్పుడు దా చెప్పింది, అది గూడా ఏడుపు ఆగక."

"ముందే చెప్పుండొచ్చు గదా!"

"కమిషను వద్దన్నారు గదా మీరు. ఊరకే చేసేవాణ్ణి ఏ నోటితో తరమాల?"

చెయ్యి కడుక్కుని లేచాను. కస్టమ్స్ దగ్గర సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటుకు ఫోను చేసి కీబోర్డు ఒక్కటీ విడదీసి ఇవ్వగలరా అని అడిగాను. అన్నీ ఒకే బిల్లు కింద వచ్చాయి, విడదీయడం కుదరదన్నాడు. ఒకే బిల్లు కింద తెప్పిస్తే రుసుము ఒకటే పడుతుందని అట్లా చేసింది నేనే. సెల్వరాజ్ ఊరికి బస్సు ఎక్కి వెళ్ళి, అతని వెంటపడి, బ్యాంకు కాగితం సంపాదించి పంపాను. అరవకుండా ఇచ్చాడు పాపం. "ఇది ముందే చెప్పి ఉండాలి కదా నాయుడూ," అన్నాడు. నేను వసంతతో అన్న మాటే.

ఆడి చివరి రోజున పెట్టె విడుదలైంది. తరువాతి నెల ఆవణి మూడున నా చేతికి వచ్చింది. ఆవణి ఒకటినే జయంతి కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుంది.

మదురై

కొరియరులో పంపబుద్ధి కాలేదు. నాలుగున పొద్దున్నే బస్సు ఎక్కి పెట్టెను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. మా వదిన కాఫీ ఇచ్చింది. ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు.

టేపు కోయబోతే జయంతి వారించింది. "ఉండండి చిన్నాయనా, నేను దా విప్పుతా." పెట్టెను మోకాళ్ళ మధ్య నొక్కిపట్టి, ఎడమ చేత్తో టేపు లేపి, పళ్ళతో లాగింది. కీబోర్డును పాత కంప్యూటరుకు తగిలించింది. ఒక్క నిమిషం చూసి, తరువాత కిందికి చూడడం మానేసి, టైపు చేయడం మొదలుపెట్టింది.

కొత్త వస్తువు చేతికి అలవాటు కావడానికి నెల పడుతుందని నా గిరాకీలందరికీ చెప్పేవాణ్ణి. జయంతి ఎడమ చెయ్యి ఎక్కడా ఆగలేదు. తెర మీద ఇంగ్లీషులో ఒక ఆసుపత్రి కాగితం వచ్చింది. పేరు లేని ఒక రోగి, జ్వరం, ఐదు రోజుల చికిత్స, తగ్గింది, ఇంటికి పంపడమైనది.

"ఎట్లా నేర్చుకుంటివి?" అన్నాను.

మా వదిన లోపలికి వెళ్ళి ఒక అట్ట తెచ్చింది. రోజుకో కాగితం చించే క్యాలెండరు వెనక అట్ట. కంపెనీ బొమ్మ చూసి, దాని మీద స్కేలుతో గడులు గీసి, కీబోర్డు అచ్చంగా దించింది జయంతి. ఫోను చేసిన రోజు నుంచీ అన్నం బల్ల మీద ఆ అట్ట పెట్టుకుని రోజూ కొట్టిందట. ఎక్కువగా వాడే అక్షరాలున్న చోట ఇంకు పూర్తిగా అరిగిపోయి, అట్ట పొర లేచి, వేలి గుర్తులు గుంటలు పడి ఉన్నాయి.

"ఎంతయింది చిన్నాయనా?" అంది జయంతి.

ఆమె వంతు కిరాయి, పన్ను చెప్పాను.

"విడిగా తెప్పించుంటే?"

"రెండు వేల నూట నలభై ఎక్కువ అయ్యేది."

"చానా మిగిల్చినారు," అంది.

ఆ గొంతులో ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు. ఉండి ఉంటే ఈ పాటికి నాకు కొంచెం తేలికయ్యేది.

దిగుతున్నవాళ్ళకు

ఆ తరువాత మూడేళ్ళు పని చేశాను. చివరి గడి కొట్టేసి, దాని బదులు 'ఏ రోజు విప్పుతారు, ఎందుకు' అని రాశాను. రంగసామి నాయుడు గారు అప్పటికి లేరు. బంధువులైనా సరే ప్రతివాళ్ళ దగ్గరా కమిషను తీసుకోవడం మొదలుపెట్టాను. పిసినారి అయ్యాడన్నారు. అననీయండి. డబ్బిచ్చినవాడికి మనల్ని తిట్టే హక్కు వస్తుంది, ఆ తిట్లలోనే నిజమైన తారీఖు ఉంటుంది. ఊరకే చేసిపెట్టినప్పుడు మన మంచితనం అవతలివాళ్ళ నోరు నొక్కేస్తుంది. మనవాళ్ళ మర్యాద మీకు తెలిసిందే. మీ పిల్లలు కూడా అట్లాగే మాట్లాడతారు.

బతుకుతెరువు మీద ఆధారపడ్డ వస్తువును ఎవరి వస్తువుతోనూ కలపకండి. సగం పెట్టె అయినా, పావు పెట్టె అయినా ఆ రోజే పంపండి. నష్టం వస్తే రానీయండి. జయంతి నెల జీతం పద్నాలుగు వేలు. నేను మిగిల్చింది ఐదు రోజుల జీతం కూడా కాదు. ఇంత చిన్న భాగహారం ఎన్నో వేల లెక్కలు వేసిన నాకు ముందు తట్టలేదు.

గడులు మార్చినా నాకు చెయ్యి ఆడలేదు. ప్రతి పెట్టెకూ పొడవు, వెడల్పు, ఎత్తు రాస్తూ ఉంటే ఆ అట్ట గుర్తొచ్చేది. అందుకే మానేశాను. ఇప్పుడు చాలా సామాను ఇక్కడే దొరుకుతోంది కాబట్టి మానేశానని అందరికీ చెబుతాను. అదీ అబద్ధం కాదు.

జయంతి ఇప్పుడు మదురైలో ఒక చీరల కొట్టులో వచ్చినవాళ్ళకు టోకెన్లు చించి ఇచ్చే పని చేస్తోంది. ఒంటి చేతి టైపిస్టును ఇంకెవరూ తీసుకోలేదు. ఈ పనికి ఎడమ చెయ్యి చాలు. పోయిన నెల ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు వాళ్ళ ఇంటికి పోయాను. కంప్యూటరు మీద పాత చీర ముక్క కప్పి ఉంది. మా వదిన వంటింట్లో ఉండగా అంచు ఎత్తి చూశాను. కీబోర్డు మీద ఒక్క అక్షరం కూడా అరగలేదు.